ఏ ఆచారం పాటించాలి, ఏది మన ఇష్టం: బైబిలు తెరిచి తేల్చుకునే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే మన క్రైస్తవ కుటుంబాల్లో ఒకటే వాదన. క్రిస్మస్ బైబిల్లో ఎక్కడుందో చూపించమని ఒకరంటారు, స్టార్ కట్టని ఇల్లు విశ్వాసి ఇల్లేనా అని ఇంకొకరంటారు. ఈస్టర్‌కు ముందు శ్రమల దినాలు మొదలయ్యాక మళ్లీ అదే. ఆరాధన రోజు శనివారమా ఆదివారమా అనేది ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. ఈ మధ్య పాత నిబంధనలోని పర్ణశాలల పండుగ, బూరల పండుగ చేసే సంఘాలు కూడా కనిపిస్తున్నాయి. పుట్టు క్రైస్తవులు ఎలాగోలా సర్దుకుపోతారు గానీ కొత్తగా ప్రభువులోకి వచ్చినవాళ్లు ఈ గొడవలు చూసి, ఏది మానేస్తే దేవుడికి కోపం వస్తుందో తెలియక టెన్షన్ పడుతుంటారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. కొత్త నిబంధన సంఘానికి ఆజ్ఞగా ఇచ్చినవి చాలా కొద్ది. ఆ కొద్దిటినే మనం తేలిగ్గా తీసుకుంటున్నాం, ఆజ్ఞ కానివాటి కోసం మాత్రం సంఘాలు చీల్చుకుంటున్నాం.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని మీ ఇంట్లో, సంఘంలో జరిగేవన్నీ రాయండి. ఆదివారం ఆరాధన, బల్ల (ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం), బాప్తిస్మం, ఉపవాస ప్రార్థన, దశమభాగం, క్రిస్మస్, వాచ్ నైట్ (డిసెంబరు 31 రాత్రి ఆరాధన), కొత్త సంవత్సరం వాగ్దానం కార్డు, శ్రమల దినాలు, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే ఏడు మాటలు, ఈస్టర్, కోత పండుగ, ఆదరణ కూటం (ఎవరైనా చనిపోయాక పెట్టేది), ఆడవాళ్లు తల మీద ముసుగు వేసుకోవడం, ఇలా ఏదీ వదలకుండా. తర్వాత ఒక్కోదాన్ని మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ప్రభువు గానీ అపొస్తలులు గానీ సంఘానికి ఆజ్ఞాపించారా? ఆజ్ఞ కాకపోతే, కనీసం అపొస్తలుల కాలపు సంఘం దీన్ని చేసినట్టు కనిపిస్తుందా? అదీ కాకపోతే, ఇది వాక్యానికి విరుద్ధమా లేక మన స్వేచ్ఛకు వదిలేసినదా? ప్రతి జవాబు పక్కనా అధ్యాయం, వచనం రాయాలి. "పాస్టర్ గారు చెప్పారు", "మా నాన్నగారి కాలం నుంచీ ఇంతే" అనేవి జవాబులు కావు.

వచనం దొరకగానే సరిపోదు, అది ఎవరితో చెప్పిన మాటో కూడా చూడాలి. లేవీయకాండము 23లో పండుగలన్నీ వరసగా ఉన్నాయి, అయితే ఆ అధ్యాయం మొదట్లోనే ఇశ్రాయేలీయులతో చెప్పమని మోషేకు దేవుడు అన్నాడు. మరి అన్యజనుల్లోంచి వచ్చిన మన సంగతేంటి? సరిగ్గా ఈ ప్రశ్న కోసమే యెరూషలేములో పెద్దలు కూర్చున్నారు, అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం ఒక్కసారి మొత్తం చదవండి. మోషే ధర్మశాస్త్రం అంతా పాటించాలని కొందరు పట్టుబడితే, చివరికి సంఘాలకు వెళ్లిన ఉత్తరంలో నాలుగు మాటలే ఉన్నాయి: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, వీటికి దూరంగా ఉండండి. పండుగల పేరు లేదు, సున్నతి లేదు, శనివారపు విశ్రాంతిదినం లేదు. 21వ వచనంలో ప్రతి విశ్రాంతిదినం మోషే గ్రంథం చదువుతున్నారు కదా, మిగతావి అక్కడ నేర్చుకుంటారనే దాని భావం అని కొందరు అంటారు. కానీ ఉత్తరంలోకి ఎక్కింది ఆ మాట కాదు, అవసరమైన వీటికంటే ఎక్కువ భారం మోపకూడదని పరిశుద్ధాత్మకూ మాకూ తోచింది అన్న మాట, అది 28వ వచనం.

ఆజ్ఞగా ఉన్నవి

బాప్తిస్మంలో సందేహం లేదు. మత్తయి 28:19 ప్రభువు నోటి మాట. కార్యములు 2లో పేతురు ప్రసంగం విన్నవాళ్లు, 8లో దారి పక్కన నీళ్లు చూసిన ఐతియొపీయుడు, 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుడు అర్ధరాత్రి వేళ, అందరూ నమ్మిన వెంటనే తీసుకున్నారు. అందుకని "ఇంకా పరిశుద్ధంగా అయ్యాక తీసుకుంటాను" అని ఏళ్ల తరబడి వాయిదా వేయడానికి ఆధారం లేదు. అలాగని ఎవరు పడితే వాళ్లను నీళ్లలో దించేయడం కూడా కాదు. మన ఒంగోలు చరిత్రే చూడండి. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, కానీ కూలి కోసం, గింజల కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని ఆ సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అలా ఆగిన కాలం అయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ వాగులో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. నాకు ఆ 2,222 కంటే ముందు ఆగిన కాలమే గొప్పగా అనిపిస్తుంది.

ముంచాలా, చిలకరించాలా? రోమా 6:3-4లో అపొస్తలుడు పౌలు బాప్తిస్మాన్ని పాతిపెట్టడంతో పోల్చాడు కాబట్టి ముంచడమే దానికి తగినదని నా నమ్మకం. సీఎస్ఐ, లూథరన్, కథోలిక సంఘాలవాళ్లు "ఇంటివారందరూ" బాప్తిస్మం పొందారన్న మాటను (కార్యములు 16:15, 33) పట్టుకుని పసిపిల్లలకూ ఇస్తారు, వాళ్లదీ వాక్యం చదివి వచ్చిన నమ్మకమే. చిన్నప్పుడే చిలకరింపు అయిపోయి, ఇప్పుడు మళ్లీ తీసుకోవాలా అన్న ప్రశ్న మీకుంటే రోమా 6 చదివి, ప్రార్థించి మీ మనస్సాక్షి ముందు తేల్చుకోండి, పెళ్లి సంబంధం కోసమో ఒక సంఘంలో సభ్యత్వం కోసమో మాత్రం తీసుకోకండి. ఇంకొకటి, బాప్తిస్మంతో పాటు పేరు మార్చుకోవాలని వాక్యంలో ఎక్కడా లేదు. బాప్తిస్మం పొందాక కూడా కొర్నేలీ కొర్నేలీగానే ఉన్నాడు, లూదియ లూదియగానే ఉంది.

రెండోది బల్ల. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది భయపడేది దీని దగ్గరే. రొట్టె, పాత్ర వస్తుంటే తల దించుకుని పక్కవాళ్లకు అందించేసే అక్కలను, పెద్దమ్మలను ఏ సంఘంలోనైనా చూడొచ్చు. అడిగితే "ఈ వారం ఇంట్లో గొడవైంది, అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కదండీ" అంటారు. 1 కొరింథీ 11:27 అది. కానీ 28 చదవండి: తనను తాను పరీక్షించుకుని, ఆ తర్వాత ఆ రొట్టె తిని పాత్రలోది తాగాలి అన్నాడు. పరీక్షించుకుని మానేయమనలేదు. ఇంకా కాస్త వెనక్కి, 20 నుంచి 22 వరకు చదివితే కొరింథులో జరిగిన తప్పేంటో కనిపిస్తుంది. ఉన్నవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తిని తాగుతున్నారు, లేనివాళ్లు ఆకలితో నిలబడుతున్నారు. పేదవాళ్లను సిగ్గుపరుస్తున్నారా అని పౌలు అడిగాడు. అధ్యాయం చివర ఇచ్చిన పరిష్కారం కూడా అదే, ఒకరి కోసం ఒకరు ఆగండి.

ఇది మన ఊళ్లకు సూటిగా తగులుతుంది. ఒకే రొట్టె విరుచుకుని తిన్నవాళ్లే గుడి బయటికి వచ్చాక కులం చూసి సంబంధాలు, కులం చూసి సమాధుల తోటలో స్థలాలు. పౌలు చెప్పిన అయోగ్యత నాకు ముందు ఇక్కడే కనిపిస్తుంది, తోటికోడలితో మాట పట్టింపు వచ్చిన ఆ అక్కలో కాదు. ఆ మాట పట్టింపు కూడా చిన్నదేం కాదు, దానికి మత్తయి 5:23-24లో దారి ఉంది, ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి కానుక అర్పించు. కాబట్టి పద్ధతి ఇది: బల్ల ఆదివారానికి ముందు రోజు రాత్రే కూర్చుని ఎవరితో మాటలు ఆగిపోయాయో గుర్తు చేసుకోండి, ఫోన్ చేయగలిగితే చేయండి, ఎత్తకపోతే మీ వంతు మీరు చేశారు, పొద్దున్నే వెళ్లి బల్ల తీసుకోండి.

ఎన్నిసార్లు తీసుకోవాలనేది వాక్యం కట్టడి చేయలేదు. త్రోయ పట్టణంలో విశ్వాసులు ఆదివారం రొట్టె విరవడానికే కూడుకున్నారని కార్యములు 20:7 చెబుతోంది, అందుకే బ్రదరెన్ సంఘాల్లో, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా బక్త్‌సింగ్ గారి సేవతో పుట్టిన సహవాసాల్లో ప్రతి ఆదివారం బల్ల ఉంటుంది. చాలా సంఘాల్లో నెలకో ఆదివారం. రెండూ సరైనవే. ద్రాక్షారసమా ద్రాక్ష జ్యూసా, పులియని రొట్టెనా మామూలు బ్రెడ్డా అన్నదాని మీద సంఘాన్ని విడగొట్టేంత మాట లేఖనంలో లేదు.

ఈ రెండిటితో పాటు సంఘంగా కూడుకోవడం (హెబ్రీ 10:25), ప్రార్థన, వాక్యం, ఇవ్వడం కూడా విడవకూడనివే. ఉపవాసానికి ప్రభువు రోజులు నియమించలేదు, అయితే "మీరు ఉపవాసం చేసేటప్పుడు" అని మత్తయి 6:16లో అన్నాడు, అంటే ఆయన శిష్యులు చేస్తారనే అనుకున్నాడు. శుక్రవారమే చేయాలని లేదు, నలభై రోజులే చేయాలనీ లేదు. చేసేముందు యెషయా 58 చదవండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఉపవాసం చేయొద్దు, మందు మానేయడం భక్తి కాదు. టీవీ, ఫోన్ పక్కన పెట్టి ఆ సమయం ప్రార్థనకు ఇచ్చినా చాలు.

దశమభాగం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పాత నిబంధనలో అది లేవీయులకు, పరదేశులకు, అనాథలకు, విధవరాళ్లకు చేరే పద్ధతి, ద్వితీయోపదేశకాండము 14 చివర్లో చూడండి. కొత్త నిబంధన సంఘానికి శాతం పెట్టలేదు, సణుక్కోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్నట్టు ఇవ్వమంది (2 కొరింథీ 9:7). పదో వంతు మంచి మొదలు, సంతోషంగా ఇవ్వండి. కానీ మలాకీ 3 చదివి "ఇవ్వకపోతే శాపం తగులుతుంది" అని ఎవరైనా బెదిరిస్తే గలతీ 3:13 చూపించండి, శాపం నుంచి క్రీస్తు మనల్ని విడిపించాడు. తల్లిదండ్రుల మందుల డబ్బు ఆపి కానుక వేయడాన్ని ప్రభువే తప్పుపట్టాడు, అది మార్కు 7లో కొర్బాను (దేవుడికి అర్పించినది) మాట.

శనివారం, ఆదివారం

ఇక్కడ రెండు వైపుల నుంచీ అతిగా మాట్లాడుతుంటారు. ఆదివారాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి పుట్టించాడు అనేది సరికాదు. ఆయన క్రీ.శ. 321లో ఆదివారాన్ని సెలవు చేసిన మాట నిజమే, కానీ అంతకు దాదాపు నూట డెబ్బై ఏళ్ల ముందే రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి, ఆదివారం అందరూ ఒకచోట చేరి వాక్యం చదివి, ప్రార్థించి, రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటారని స్పష్టంగా రాసి పెట్టాడు. ఇంకా వెనక్కి వెళితే కార్యములు 20:7 ఉంది, ఆదివారం కానుక తీసి పెట్టమన్న 1 కొరింథీ 16:2 ఉంది.

అలాగే "విశ్రాంతిదినం ఆదివారానికి మారింది" అని చెప్పే వచనం కూడా కొత్త నిబంధనలో లేదు. ప్రభువు లేచిన రోజు కాబట్టి సంఘం ఆ రోజున కూడుకుంది, అంతే. కాబట్టి సబ్బాతు (విశ్రాంతిదినం) నియమాలను ఆదివారం మీద పెట్టి, ఆ రోజు కూరగాయలు కొన్నావని, బస్సెక్కావని తోటి విశ్వాసిని నిలదీయడానికి మనకు ఆధారం లేదు. శనివారం ఆచరించే అడ్వెంటిస్టు సహోదరులు ఆదికాండము 2ను, పది ఆజ్ఞల్లో నాలుగోదాన్ని ఆధారం చేసుకుంటారు, సృష్టి నుంచి ఉన్నదాన్ని ఎలా తీసేస్తారని వాళ్ల ప్రశ్న. అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. నా మట్టుకు కొలస్సీ 2:16-17 తేల్చేసింది: పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం అనేవి రాబోయేవాటి నీడ, అసలు స్వరూపం క్రీస్తులో ఉంది, వీటి విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదు. ఆ చివరి మాట రెండు వైపులా పనిచేస్తుంది. శనివారం ఆచరించేవాళ్లకు తీర్పు తీర్చే హక్కు ఆదివారం వాళ్లకూ లేదు.

ఆదివారం డ్యూటీ పడే నర్సులు, పోలీసులు, నైట్ షిఫ్టుల్లో ఉండే పిల్లలు అపరాధ భావంతో నలిగిపోతుంటారు. కువైట్, ఖతార్‌లలో మన తెలుగువాళ్లు శుక్రవారం ఆరాధన చేసుకుంటున్నారు, అక్కడ సెలవు ఆ రోజే కాబట్టి. కూడుకోవడం మానకూడదన్నదే ఆజ్ఞ. ఆదివారం కుదరకపోతే వారం మధ్యలో గృహ కూటానికైనా వెళ్లండి, ఏ కూటానికీ వెళ్లకుండా యూట్యూబ్‌లో ప్రసంగం విని ఊరుకోవద్దు.

పాత నిబంధన పండుగలు, మన పండుగలు

పస్కా పశువును దేవుడు ఏర్పరచుకున్న స్థలంలో తప్ప మరెక్కడా వధించకూడదని ద్వితీయోపదేశకాండము 16:5-6లో ఉంది. యెరూషలేము దేవాలయం క్రీ.శ. 70లో కూలిపోయింది. అంటే గుంటూరులోనో వరంగల్‌లోనో లేవీయకాండము ప్రకారం పస్కా చేస్తున్నామనుకునేవాళ్లు నిజానికి ఆ ధర్మశాస్త్రం ప్రకారం చేయడం లేదు, చేయలేరు కూడా. మన పస్కా పశువు క్రీస్తు (1 కొరింథీ 5:7), ప్రథమఫలం ఆయనే (1 కొరింథీ 15:20), వారాల పండుగ రోజునే పరిశుద్ధాత్మ దిగివచ్చాడు (కార్యములు 2). పిల్లలకు ఈ పండుగలు ఒక్కోటీ నేర్పండి, ఎంతో మేలు. బూర కొనుక్కొచ్చి ఇంట్లో ఊదితే అప్పులు తీరతాయనే బోధను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. దినాలు, మాసాలు ఆచరించడం మొదలుపెట్టిన గలతీయుల గురించి పౌలు ఎంత బాధపడ్డాడో గలతీ 4:10-11లో ఉంది.

క్రిస్మస్ తేదీ బైబిల్లో లేదు. డిసెంబరు 25న రోములో చేసుకునేవారన్న ఆధారం నాలుగో శతాబ్దం నాటిది. అంతమాత్రాన అది పాపం అవుతుందా? మోషే ఇవ్వని పూరీము పండుగను ఎస్తేరు కాలంలో యూదులు నియమించుకున్నారు. యోహాను 10:22లో ఉన్న ప్రతిష్ఠిత పండుగ కూడా ధర్మశాస్త్రంలో లేనిదే, ఆ రోజుల్లో ప్రభువు దేవాలయంలోనే తిరుగుతున్నాడు. దేవుడు చేసినదాన్ని తలుచుకోవడానికి సంఘం ఒక రోజు పెట్టుకోవచ్చు, దాన్ని దేవుడి ఆజ్ఞ అని మాత్రం చెప్పకూడదు. శ్రమల దినాలు, మట్టల ఆదివారం, కోత పండుగ, వాచ్ నైట్, అన్నీ ఈ వరసలోవే. రోమా 14:5-6 ప్రకారం ఆచరించేవాడు ప్రభువు కోసం ఆచరించాలి, ఆచరించనివాడూ ప్రభువు కోసమే. అప్పు చేసి పండుగ చేయడం మాత్రం ఎవరి కోసమో మీరే చెప్పండి. కొత్త బట్టలకు, కేక్‌లకు, లైట్లకు వడ్డీకి తేవాల్సి వస్తే ఆ ఏడాది ఇంట్లో లూకా 2 చదువుకుని పాట పాడుకోండి, ఏ లోటూ లేదు.

వాగ్దానం కార్డు గురించి ఒక మాట. డిసెంబరు 31 రాత్రి బుట్టలో చెయ్యి పెట్టి తీసిన వచనాన్ని ఏడాది జాతకంలా చూడటం పెరిగింది. ఎక్కువమందికి ఇష్టమైన యిర్మీయా 29:11నే తీసుకోండి, ఆ సమాధానకరమైన ఉద్దేశాల మాట బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసింది, దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది. కార్డు తీసుకోండి, ఇంటికి వెళ్లాక ఆ అధ్యాయం మొత్తం చదవండి. నచ్చని వచనం వచ్చిందని వెనక్కి పెట్టి ఇంకోటి తీసుకోవద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాదాలు కడగడం యోహాను 13లో ప్రభువు చేసి చూపించినదే, కొన్ని సంఘాలు ఆచారంగా చేస్తాయి, చేయనివాళ్లు కూడా ఆ తగ్గింపును తప్పించుకోలేరు. రోగికి నూనె రాసి పెద్దలు ప్రార్థించడం యాకోబు 5:14లో ఉంది, నూనె సీసాలు అమ్మమని మాత్రం అక్కడ లేదు. ముసుగు విషయం 1 కొరింథీ 11 మొదటి భాగంలో ఉంది, మన దగ్గర ఆడవాళ్లు చెంగు కప్పుకోవడం మంచి అలవాటే గానీ, కొత్తగా వచ్చిన అమ్మాయిని తల కప్పుకోలేదని గుమ్మంలోనే గద్దించకండి. పక్కింటివాళ్లు పండుగకి పంపిన పిండివంటల గురించి 1 కొరింథీ 10:25-28 చదవండి, అవి విగ్రహానికి అర్పించినవని చెప్పి ఇస్తే గౌరవంగా వద్దనండి, చెప్పకపోతే ఆరాలు తీయకుండా కృతజ్ఞతతో తినండి. ఆదరణ కూటం దుఃఖంలో ఉన్నవాళ్లకు ఓదార్పు కోసమే, పదకొండో రోజే పెట్టాలని లేదు, అప్పు చేసి భోజనాలు పెట్టాలని అసలే లేదు.

ఇంట్లో వేర్వేరు నమ్మకాలు ఉంటే

అత్తగారు లూథరన్, కోడలు బ్రదరెన్, మరిది శనివారం సంఘం, ఇలాంటి ఇళ్లు మనలో బోలెడు. రెండో శతాబ్దం మధ్యలో స్ముర్న సంఘపు పెద్ద పాలికార్ప్, ఈస్టర్ ఏ రోజున చేయాలో మాట్లాడటానికి రోముకు వెళ్లాడు. అక్కడి పెద్ద అనికేతుకూ ఆయనకూ ఒప్పందం కుదరలేదు, ఎవరి పద్ధతి వాళ్లదే. అయినా సంఘంలో బల్ల జరిపించే గౌరవాన్ని అనికేతు పాలికార్ప్‌కే ఇచ్చాడు, ఇద్దరూ సమాధానంతో విడిపోయారు.

ఇంట్లో చేయాల్సిందీ ఇదే. ఆజ్ఞగా ఉన్నవాటిలో అందరూ కలిసి ఉండండి, రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన మానకండి, రోజుల విషయంలో ఎవరి మనసులో వాళ్లు రూఢిపరచుకోనివ్వండి. అత్తగారికి శ్రమల దినాల్లో మాంసం వద్దనుకుంటే ఆ రోజుల్లో ఆమె ముందు వండకండి, రోమా 14:21 అడిగేది అదే. కోడలికి స్టార్ కట్టడం ఇష్టం లేకపోతే ఆమె చేత కట్టించకండి. ఏదైనా ఆచారం మీద అనుమానం ఉంటే సంఘంలో అందరి ముందూ లేవదీయకుండా, నోట్ చేసుకున్న వచనాలతో పాస్టర్ గారి దగ్గరికి విడిగా వెళ్లి "అయ్యగారూ, ఇది వాక్యంలో ఎక్కడుందో నాకు చూపించండి, నేర్చుకోవాలనుంది" అని అడగండి. పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో వెతికి చూసుకున్న బెరయవాళ్లను బైబిలు మెచ్చుకుంది (కార్యములు 17:11), కాబట్టి అడగడం అవిధేయత కాదు. ఆయన చూపించింది ఆజ్ఞ అయితే ఆ వారమే మొదలుపెట్టండి, సంఘం పెట్టుకున్న పద్ధతి మాత్రమే అయితే దాన్ని చేయాలో మానాలో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.